జాగిలానికి చెమట పడుతుందా?

మే నెలలో రామగుండం, ఆదిలాబాద్‌లలో ఎండ 45 డిగ్రీల సెల్సియస్ దాటే రోజులుంటాయి. మనకు చెమట పోస్తుంది. అది ఆవిరవుతూ ఒంటి వేడిని లాగేస్తుంది. మరి శిక్షణలో పరుగెత్తే పోలీసు జాగిలం సంగతేమిటి? దానికి చెమట ముఖ్యంగా పాదాల అడుగునే పడుతుంది. అందుకే నాలుక చాపి వగరుస్తుంది. నోటి తడి ఆవిరవుతూ నెత్తురును చల్లబరుస్తుంది.

పరుగులో కండరాలు పుట్టించే వేడి ఇంతకు మించితే వడదెబ్బే! మామూలుగా 38.5 డిగ్రీలుండే ఒళ్లు 41 దాటితే ప్రాణాపాయం. కనుక శిక్షణ తెల్లవారుజామునే ముగించాలి. కుక్క తూలితే వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లు పోసి, విసరాలి. తడిగోనె కప్పి ఉంచితే ఆవిరి పోదు. తర్వాత పశువైద్యునికి చూపించాలి.

మధ్యాహ్నం మీ కుక్కను బయటికి తీసుకెళ్లేముందు రోడ్డుపై అరచెయ్యి ఆనించి చూడండి. మీ చెయ్యి ఓర్వలేని వేడిని దాని పాదాలు ఓర్చుకోగలవా?