ప్రోటీన్‌గా మారని ఆర్ఎన్ఏ

మానవ డీఎన్ఏ ఒక పూర్తి ప్రతిలో సుమారు 300 కోట్ల అక్షరాల జతలు ఉండగా, ప్రోటీన్ల నిర్మాణక్రమాన్ని నేరుగా నిర్దేశించే భాగం అందులో 2 శాతానికి మించదు. ఇక్కడ అక్షరాలంటే డీఎన్ఏ, ఆర్ఎన్ఏ గొలుసులను కూర్చే న్యూక్లియోటైడ్లనే రసాయన ఘటకాలు. ఆ స్వల్పభాగంలోనే దాదాపు 20 వేల ప్రోటీన్ జన్యువులు ఇమిడి ఉన్నాయి. నులిపురుగుల వర్గానికి చెందిన సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్ అనే జీవి పొడవు ఒక మిల్లీమీటరు మాత్రమే. పునరుత్పత్తి కణాలను మినహాయిస్తే దాని దేహమంతా కలిపి సుమారు వెయ్యి కణాలే. అయినా దాని ప్రోటీన్ జన్యువుల సంఖ్య మనిషి జన్యువుల సంఖ్యకు ఇంచుమించు సమానం. అందుచేత ఒక జీవి సంక్లిష్టతను దాని ప్రోటీన్ జన్యువుల లెక్కతో కొలవడం కుదరదని, ఆ జన్యువులు ఏ కణంలో, ఏ దశలో, ఎంత మేరకు పనిచేయాలో నిర్ణయించే నియంత్రణ వ్యవస్థను పరిశీలించక తప్పదని జీవశాస్త్రం క్రమంగా గ్రహించింది. ఆ వ్యవస్థలో ప్రోటీన్లతో పాటు, ప్రోటీన్‌గా ఎన్నడూ మారని ఆర్ఎన్ఏలకు కూడా గణనీయమైన పాత్ర ఉంది.

జన్యువులోని సమాచారం మొదట ఆర్ఎన్ఏ రూపంలో నకలై, ఆ నకలు కేంద్రకం నుంచి బయటకు వచ్చి, రైబోజోమ్ అనే కణభాగం దానిని చదువుతూ ప్రోటీన్‌ను కూర్చడం సాధారణ క్రమం. ఈ నకలునే సందేశక ఆర్ఎన్ఏ అంటారు. రైబోజోమ్‌లో ప్రధాన భాగమైన రైబోజోమల్ ఆర్ఎన్ఏ, అమైనో ఆమ్లాలను మోసుకువచ్చే ట్రాన్స్‌ఫర్ ఆర్ఎన్ఏ ప్రోటీన్‌గా మారకుండానే పనిచేస్తాయని 1960ల నాటికే తెలిసినా, వాటిని ప్రోటీన్ తయారీకి తోడ్పడే పరికరాలుగానే లెక్కించారు తప్ప, ఆర్ఎన్ఏ తానుగా జన్యువులను అదుపు చేయగలదన్న ఊహకు అప్పట్లో పెద్దగా ఆదరణ లభించలేదు. ప్రోటీన్ సంకేతం లేని డీఎన్ఏను ఉద్దేశించి సుసుము ఓనో అనే జన్యుశాస్త్రవేత్త 1972లో వాడిన ‘జంక్ డీఎన్ఏ’ అనే మాట ఆ కాలపు దృష్టికి ప్రతీకగా నిలిచింది.

ఈ దృష్టిని మార్చిన మొదటి గట్టి ఆధారం పైన చెప్పిన చిన్న పురుగులోనే దొరికింది. లిన్-4 అనే జన్యువు దెబ్బతిన్న పురుగులు లార్వా తొలి దశను మళ్లీ మళ్లీ పునరావృతం చేస్తూ, ఎదిగిన జీవికి ఉండవలసిన కొన్ని అవయవాలను ఏర్పరచుకోలేకపోయేవి. లిన్-14 అనే మరో జన్యువు అతిగా పనిచేసినా సరిగ్గా అదే లోపం కనిపించేది. కనుక మొదటి జన్యువు రెండవదానిని అణచి ఉంచుతుందని అర్థమైంది గానీ, ఎలా అణచుతుందో తేలలేదు. అమెరికాలో విక్టర్ ఆంబ్రోస్ ప్రయోగశాలలో రోసలిండ్ లీ, రోండా ఫైన్‌బామ్ లిన్-4 జన్యువును వేరుచేసి చూడగా, అది ఏ ప్రోటీన్‌నూ తయారుచేయడం లేదని, దాని ఫలితమంతా కేవలం 22 అక్షరాల ఆర్ఎన్ఏ ముక్క అని తేలింది. అదే సమయంలో లిన్-14ను పరిశోధిస్తున్న గ్యారీ రవ్‌కున్ బృందంతో వారు తమ అక్షరక్రమాన్ని ఇచ్చిపుచ్చుకున్నప్పుడు, లిన్-14 సందేశక ఆర్ఎన్ఏ చివర, ప్రోటీన్ సంకేతం ముగిసిన తరువాతి భాగంలో, ఈ చిన్న ముక్కకు జతపడే అక్షరాలు పలుచోట్ల ఉన్నట్లు కనిపించింది. చిన్న ఆర్ఎన్ఏ వెళ్లి పెద్ద ఆర్ఎన్ఏకు అతుక్కుని ప్రోటీన్ తయారీని అణచివేస్తోందన్నది దాని సారాంశం.

1993లో ఈ రెండు బృందాల పరిశోధనలు వెలువడినప్పుడు, ఇది ఒక పురుగుకే పరిమితమైన విచిత్రమని చాలామంది భావించారు. ఏడేళ్ల తరువాత, 2000లో, రవ్‌కున్ బృందం లెట్-7 అనే మరో చిన్న ఆర్ఎన్ఏను కనుగొని, అది మనిషితో సహా అనేక జంతువులలో దాదాపు మార్పు లేకుండా ఉందని చూపిన తరువాతనే, కోట్ల సంవత్సరాల పరిణామక్రమం చెక్కుచెదరకుండా కాపాడుకున్న ఒక నియంత్రణ పద్ధతి వెలుగులోకి వచ్చిందని శాస్త్రలోకం అంగీకరించింది. ఈ తరహా చిన్న ఆర్ఎన్ఏలకు మైక్రో ఆర్ఎన్ఏలన్న పేరు స్థిరపడింది. ఆంబ్రోస్, రవ్‌కున్‌లకు 2024లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. ఆ ప్రయోగాలను స్వయంగా నిర్వహించిన లీ, ఫైన్‌బామ్ వంటి సహచరుల శ్రమను కూడా ఆ గౌరవంతో పాటు స్మరించుకోవడం న్యాయం.

మైక్రో ఆర్ఎన్ఏ తయారీ కొన్ని దశలలో జరుగుతుంది. మొదట పొడవుగా నకలైన ఆర్ఎన్ఏ తనలో తాను మడతపడగా, కేంద్రకంలో డ్రోషా అనే ఎంజైము దానిని సుమారు 70 అక్షరాల ముక్కగా కత్తిరిస్తుంది; అది కేంద్రకం వెలుపలికి వచ్చాక డైసర్ అనే మరో ఎంజైము దానిని 22 అక్షరాల స్థాయికి తగ్గిస్తుంది; చివరకు మిగిలిన పోగు ఆర్గొనాట్ అనే ప్రోటీన్‌లో ఇమిడి, తనకు జతపడే సందేశక ఆర్ఎన్ఏలను వెదుకుతుంది. జత కుదరడానికి పోగు మొదటివైపున ఉండే ఏడెనిమిది అక్షరాలే కీలకం కావడం వల్ల ఒకే మైక్రో ఆర్ఎన్ఏ వందలాది సందేశక ఆర్ఎన్ఏలను ప్రభావితం చేయగలదు. మానవ ప్రోటీన్ జన్యువులలో సగానికి పైగా ఈ నియంత్రణకు లోబడి ఉన్నాయని అంచనా. అయితే మైక్రో ఆర్ఎన్ఏ సాధారణంగా ఒక జన్యువును పూర్తిగా ఆపివేయదు. దాని ఉత్పత్తిని కొంత తగ్గిస్తుంది, అంతే. వరిచేనుకు నీరు తక్కువైనా ఎక్కువైనా చేటే అయినట్లు, కణంలో చాలా ప్రోటీన్లకు తగిన మోతాదే ప్రాణం కనుక, ఆ కొద్దిపాటి తగ్గింపే ఆరోగ్యానికీ వ్యాధికీ మధ్య తేడాగా పరిణమించగలదు.

ప్రోటీన్‌గా మారని ఆర్ఎన్ఏలన్నీ ఇంత చిన్నవి కావు. 200 అక్షరాలకు మించిన వాటిని దీర్ఘ ఆర్ఎన్ఏలుగా వర్గీకరిస్తారు. వాటిలో ఎక్కువ స్పష్టంగా అర్థమైనది ఎక్సిస్ట్. స్త్రీలకు రెండు ఎక్స్ క్రోమోజోములు, పురుషులకు ఒకటే ఉండడం వల్ల స్త్రీ కణాలలో ఎక్స్‌పై ఉన్న జన్యువుల ఉత్పత్తి రెట్టింపు కావలసి ఉండగా, ఆడ క్షీరదాల ప్రతి కణంలోనూ ఒక ఎక్స్ నిద్రాణస్థితిలోకి వెళ్తుందని మేరీ లయన్ 1961లో ప్రతిపాదించారు. ఆ పనిని ఆరంభించేది 1991లో గుర్తించిన ఎక్సిస్ట్ ఆర్ఎన్ఏ. 17 వేల అక్షరాలకు పైబడిన ఈ ఆర్ఎన్ఏ తనను పుట్టించిన క్రోమోజోమునే ఆవరించి, జన్యువులను మూసివేసే ప్రోటీన్లను అక్కడికి రప్పించి, దాదాపు మొత్తం క్రోమోజోమును మౌనం వహింపజేస్తుంది.

ఈ ఏర్పాటుకు మూల్యం కూడా ఉన్నట్లు ఇటీవలి పరిశోధనలు సూచిస్తున్నాయి. దేహం తన కణజాలంపై తానే దాడి చేసుకునే లూపస్ వంటి వ్యాధులు స్త్రీలలోనే చాలా ఎక్కువ. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు క్రోమోజోమును మూసివేయలేని విధంగా మార్చిన ఎక్సిస్ట్‌ను మగ ఎలుకలలో ప్రవేశపెట్టి, లూపస్‌ను పోలిన వ్యాధిని ప్రేరేపించినప్పుడు, ఆ వ్యాధికి లోనయ్యే స్వభావమున్న జాతిలోని మగ ఎలుకలలో అది ఆడ ఎలుకల స్థాయికి చేరువగా తీవ్రమైందని 2024లో వెల్లడించారు. ఎక్సిస్ట్‌తో కలిసి ఉండే ప్రోటీన్లపై రోగనిరోధక వ్యవస్థ ప్రతిరక్షకాలను తయారుచేయడం ఇందుకు కారణం కావచ్చని వారి భావన. స్త్రీలకే ఈ వ్యాధులు ఎక్కువగా ఎందుకు వస్తాయన్న ప్రశ్నను చాలాకాలం హార్మోన్లకే వదిలివేసిన నేపథ్యంలో ఇది ఎంతో విలువైన సూచన.

ఇంతమాత్రాన డీఎన్ఏలో ప్రతి అక్షరానికీ ఒక ప్రయోజనం ఉందనుకోవడం సరికాదు. మానవ జీనోమ్‌లో, అంటే మొత్తం డీఎన్ఏలో, 80 శాతానికి ఏదో ఒక జీవరసాయన క్రియ ఉన్నదని ఎన్‌కోడ్ అనే అంతర్జాతీయ ప్రాజెక్టు 2012లో ప్రకటించినప్పుడు, నకలు కావడం వేరు, జీవికి అవసరమైన పని చేయడం వేరని పరిణామ శాస్త్రవేత్తలు తీవ్రంగా ఆక్షేపించారు. ఆ ఆక్షేపణ సమంజసమైనదే. వేలాది దీర్ఘ ఆర్ఎన్ఏలలో చాలావాటికి ఇంకా నిర్దిష్టమైన పని రుజువు కాలేదు. ఒక్కొక్కదానిని తొలగించి ఫలితాన్ని చూడడమే నమ్మదగిన మార్గం.

వ్యాధుల విషయంలో తొలి స్పష్టమైన నిదర్శనం రక్తక్యాన్సర్‌లో దొరికింది. దీర్ఘకాలిక లింఫోసైటిక్ ల్యుకేమియా రోగులలో సగానికి పైగా 13వ క్రోమోజోములో ఒక ముక్క లోపిస్తుంది. అక్కడ క్యాన్సర్‌ను నిరోధించే ప్రోటీన్ జన్యువు ఏదో ఉండి ఉంటుందని పరిశోధకులు ఏళ్ల తరబడి వెదికినా దొరకలేదు. జార్జ్ కాలిన్, కార్లో క్రోచే బృందం 2002లో చూపినట్లు, అక్కడ ఉన్నవి రెండు మైక్రో ఆర్ఎన్ఏలు. కణం తనంతట తాను మరణించకుండా అడ్డుకునే బీసీఎల్2 ప్రోటీన్‌ను అవి తగ్గిస్తాయని 2005లో తేలింది. అవి లోపించినప్పుడు ఆ ప్రోటీన్ పేరుకుని, చావవలసిన కణాలు బతికిపోతాయి. ఇదే బీసీఎల్2ను అడ్డుకునే వెనెటోక్లాక్స్ మందు నేడు ఈ క్యాన్సర్ చికిత్సలో ముఖ్యమైనది. మరోవైపు, కాలేయంలో సమృద్ధిగా ఉండే మైక్రో ఆర్ఎన్ఏ 122ను హెపటైటిస్ సి వైరస్ తన ఆర్ఎన్ఏకు రక్షణగా వాడుకుంటుంది.

చికిత్సలో మాత్రం ప్రకృతిసిద్ధమైన మైక్రో ఆర్ఎన్ఏల కంటే వాటి మార్గాన్ని అనుకరించే కృత్రిమ ఆర్ఎన్ఏలే ముందుకు సాగాయి. రెండు పోగుల ఆర్ఎన్ఏతో కోరిన జన్యువును అణచవచ్చని ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో 1998లో నిరూపించి 2006లో నోబెల్ పొందగా, ఆ సూత్రంపై తయారైన తొలి మందు పాటిసిరాన్ ఒక అరుదైన వంశపారంపర్య నాడీవ్యాధికి 2018లో అమెరికాలో అనుమతి పొందింది. చెడు కొలెస్టరాల్‌ను తగ్గించే ఇన్‌క్లిసిరాన్‌ను తొలి మోతాదుల తరువాత ఆరు నెలలకొక ఇంజెక్షన్‌గా ఇస్తే సరిపోతుంది. ఇవి ఒక్కొక్క జన్యువునే లక్ష్యంగా చేసుకుంటాయి. దీనికి భిన్నంగా, క్యాన్సర్ కోసం మైక్రో ఆర్ఎన్ఏ 34ను పోలిన మందుతో చేసిన క్లినికల్ పరీక్షను తీవ్రమైన రోగనిరోధక దుష్ప్రభావాల కారణంగా 2016లో నిలిపివేయవలసి వచ్చింది.

చికిత్స కంటే ముందుగా ఫలితమివ్వగల రంగం రోగనిర్ధారణ. ఎదుగుదల మందగించి, మాటలు రాక, మూర్ఛలతో బాధపడే పిల్లలకు చేసే జన్యుపరీక్షలలో ఖర్చు దృష్ట్యా విస్తృతంగా వాడే ఎక్సోమ్ పరీక్ష ప్రధానంగా ప్రోటీన్ సంకేత భాగాలనే చదువుతుంది. అందువల్ల ఎన్నో కుటుంబాలకు కారణం తెలియలేదన్న జవాబే మిగులుతుంది. బ్రిటన్‌లో పూర్తి జీనోమ్‌లను చదివిన సమాచారాన్ని పరిశీలించిన నికోలా విఫిన్ బృందం, అమెరికాకు చెందిన మరో బృందం 2024లో ఆర్ఎన్‌యూ4-2 అనే జన్యువులోని మార్పులే ఇటువంటి ఎందరో పిల్లల స్థితికి కారణమని కనుగొన్నాయి. ఈ జన్యువు నుంచి వచ్చేది ప్రోటీన్ కాదు, 141 అక్షరాల ఆర్ఎన్ఏ; సందేశక ఆర్ఎన్ఏలో అనవసర భాగాలను తొలగించి మిగిలినవాటిని అతికే యంత్రాంగంలో అది ఒక భాగం. మార్పులన్నీ ఇంచుమించు 18 అక్షరాల చిన్న పరిధిలోనే ఉండగా, వాటిలో అధికభాగం ఒకే ఒక్క అక్షరం అదనంగా చేరడం వల్ల కలిగినవి. నాడీవికాస లోపాలున్న వారిలో సుమారు 0.4 శాతం మందికి ఇదే మూలమని అంచనా వేశారు. ఒక్క జన్యువుకు ఇది చాలా పెద్ద వాటా. ఈ మార్పు సాధారణంగా తల్లిదండ్రులలో ఉండక బిడ్డలోనే కొత్తగా ఏర్పడుతుంది కాబట్టి, ఆ విషయం తెలిసిన దంపతులకు తరువాతి కాన్పులో అదే వ్యాధి వచ్చే అవకాశం తక్కువని వైద్యులు చెప్పగలుగుతారు. కారణం దొరకలేదని గతంలో పక్కన పెట్టిన పూర్తి జీనోమ్ సమాచారంలో ఈ 18 అక్షరాలను తిరిగి చూడడానికి కొత్త రక్తనమూనా కూడా అక్కరలేదు.