డీఏపీ గుళికలో రసాయన చర్యల చుట్టరికం

ఆఖరి దుక్కిలో మన రైతు చల్లే డీఏపీని (డైఅమ్మోనియం ఫాస్ఫేట్‌ను) మన దేశానికి ఎక్కువగా పంపే దేశాల్లో సౌదీ అరేబియా ఒకటి. 1997లో ఏర్పడిన అక్కడి మాదెన్ సంస్థ, గల్ఫ్ తీరాన ఉన్న రాస్ అల్ ఖైర్‌లో 2011 నుంచి దీన్ని తయారుచేస్తోంది. సంయోగం, వియోగం, ద్వంద్వ వియోగం అని పిల్లలు విడివిడిగా బట్టీపట్టే చర్యలు ఒకదానికొకటి ఏమవుతాయో తెలియాలంటే ఈ ఎరువు పుట్టుకను చూడాలి.

కథ గంధకంతో మొదలవుతుంది. సౌదీ సహజవాయువులో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు కలిసి ఉంటుంది. దాన్ని వేరుచేసి మూడో వంతు మండిస్తే సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది. అది మిగిలిన రెండు వంతులతో చర్య జరిపితే పచ్చని గంధకమూ నీరూ తయారవుతాయి. ఆ గంధకాన్ని మళ్లీ మండించి, వెనేడియం పెంటాక్సైడ్ ఉత్ప్రేరకం సాయంతో ఇంకొంత ఆక్సిజన్ చేర్చి, నీటితో కలిపితే సల్ఫ్యూరిక్ ఆమ్లం. మొత్తమ్మీద ఈ దారిలో గంధకం ఆక్సీకరణ సంఖ్య -2 నుంచి 0కి, అక్కణ్నుంచి +4కి, చివరికి +6కి చేరుతుంది. అంటే ఎలక్ట్రాన్లను వదులుకుంటూ పోతోంది.

ఉత్తరాన అల్ జలామీద్ గనుల నుంచి రైల్లో వచ్చే ఫాస్ఫేట్ ఖనిజాన్ని ఈ ఆమ్లంలో వేస్తారు. ఖనిజంలోని కాల్షియం, ఆమ్లంలోని సల్ఫేట్‌తో జతకట్టి జిప్సంగా అడుగుకు చేరుతుంది, ఫాస్ఫారిక్ ఆమ్లం మిగులుతుంది. ఇది ద్వంద్వ వియోగం. ఇక్కడ జోడీలు మారాయి తప్ప ఎలక్ట్రాన్లు చేతులు మారలేదు.

ఇక డీఏపీకి కావలసిన రెండో భాగం అమ్మోనియా. హైడ్రోజన్, నైట్రోజన్ కలిసి అమ్మోనియా కావడం సంయోగం. ఆ అమ్మోనియా ఫాస్ఫారిక్ ఆమ్లంతో కలిసి డీఏపీ కావడమూ సంయోగమే. పేరు ఒకటే అయినా, మొదటిది ఆక్సీకరణ-క్షయకరణ చర్య. రెండోదానిలో ఆమ్లం నుంచి ప్రోటాన్లు అమ్మోనియాకు మారి దాన్ని అమ్మోనియంగా చేస్తాయి, అది తటస్థీకరణం. బాగా వేడిచేస్తే డీఏపీ నుంచి అమ్మోనియా మళ్లీ విడిపోతుంది. వియోగమంటే ఆ సంయోగమే వెనక్కి నడవడం. ఎన్ని పదార్థాలు కలిశాయి, ఎన్ని విడిపోయాయి అన్న లెక్క కన్నా, ఎలక్ట్రాన్ కదిలిందా ప్రోటాన్ కదిలిందా అన్న ప్రశ్నే పిల్లలకు ముందు నేర్పాలని నా గట్టి అభిప్రాయం.

ఈ మొత్తం ప్రయాణంలో భాస్వరం మాత్రం రాతిలోనూ, ఆమ్లంలోనూ, గుళికలోనూ, చివరికి వరి గింజలోనూ +5గానే ఉంటుంది. శ్రమంతా దాని జోడీని మార్చడానికే. రాతిలో కాల్షియంతో ఉన్న ఫాస్ఫేట్ నీటిలో దాదాపు కరగదు. అమ్మోనియంతో ఉంటే ఇట్టే కరిగి వేరుకు అందుతుంది.