డబ్బా ఖాళీ అయ్యాక

వస్తువును పారేసే ముందు దానికి మరో పని అప్పగించడం తెలుగు ఇళ్లలో పాత అలవాటే. నేత చీర మెత్తబడ్డాక బొంతగా, చిరిగిన పంచె మసిగుడ్డగా, హార్లిక్స్ సీసా పోపుదినుసుల సీసాగా మారడం, మిగిలిన పాత బట్టలు స్టీలు సామాన్లవాళ్ల మూటకు చేరి గిన్నెలుగా తిరిగి రావడం పర్యావరణం అన్న మాట వాడుకలోకి రాకముందు నుంచీ ఉన్నదే. అయితే ఈ పొదుపునకు ఒక హద్దు ఉంది: ఆ వస్తువులో అంతకుముందు ఏముండేది అన్నదే ఆ హద్దు.

పురుగుమందు డబ్బాలు గట్టివి, మూత బిగువుగా ఉండేవి కనుక నీళ్లకూ నూనెకూ అనువుగా కనిపిస్తాయి గాని, మందులో కొంత భాగం ప్లాస్టిక్‌లోకి ఇంకిపోయి, ఎంత కడిగినా మిగిలి, తరువాత పోసిన పదార్థంలోకి మెల్లగా దిగుతుంది. 2013 జులై 16న బిహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ గ్రామ పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిన్న 23 మంది పిల్లలు చనిపోగా, ఫోరెన్సిక్ పరీక్షల్లో వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు బయటపడింది. నూనెను ఆ మందు డబ్బాలో నిల్వ చేసి ఉంటారని అధికారులు అప్పట్లో అనుమానించారు. అందుకే ఖాళీ డబ్బాను మూడుసార్లు కడిగి, ఆ నీటిని స్ప్రేయర్‌లోనే పోసి చేనుకు కొట్టి, మరెవరూ వాడుకోకుండా డబ్బాకు చిల్లులు పొడవాలని వ్యవసాయ నిపుణులు చెబుతారు.

రంగుల డబ్బాలు, సీఎఫ్‌ఎల్ బల్బులు, ట్యూబులైట్లు, గడువు తీరిన మందులు, వాడిన బ్యాటరీలు, సిరంజీల వంటివాటిని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు గృహ ప్రమాదకర వ్యర్థాలుగా గుర్తించాయి. పగిలిన థర్మామీటరూ ఆ జాబితాలోదే. అందులోని పాదరసం మామూలు వేడికే ఆవిరై ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. చీపురుతో ఊడిస్తే బిందువులు మరింత చితికి, చెదిరి, ఆవిరి పెరుగుతుంది కనుక, కిటికీలు తెరిచి, అట్టముక్కతో వాటిని ఒకచోటికి నెట్టి, మూత ఉన్న సీసాలో బంధించాలి.

ఇన్వర్టర్ బ్యాటరీల సంగతి కొంత నయం. వాటిలోని సీసం లోహానికి ధర పలుకుతుంది గనుక దుకాణదారే పాతది తీసుకుని కొత్తదాని వెల తగ్గిస్తాడు. ధర పలకని ట్యూబులైటుకూ మాత్రల పట్టీకీ ఆ దారి లేదు. ఆ లోటు తీర్చడానికే 20 చదరపు కిలోమీటర్లకు ఒకటి చొప్పున సేకరణ కేంద్రం ఉండాలని అవే నియమాలు స్థానిక సంస్థలను ఆదేశించాయి గాని, తమ ఊళ్లో అది ఎక్కడుందో తెలిసిన గృహస్థులు అరుదు. కనుక వీటిని తడి, పొడి చెత్తల్లో కలపకుండా వేరే డబ్బాలో ఉంచి, చెత్తబండి వచ్చినప్పుడు లోపల ఏముందో చెప్పి మరీ అందించాలి. చెప్పకుండా సంచిలో పడేసిన సూది ముందుగా గుచ్చుకునేది చెత్తను వేరుచేసే కార్మికుల చేతికే.