వాణిజ్య ఒప్పందాలలో కార్మికుని స్థానం

గత విద్యాసంవత్సరంలో ఒకనాడు తరగతి ముగిసిన పిమ్మట ఒక విద్యార్థి నన్ను సమీపించాడు. బల్కంపేటలో అద్దెగదిలో ఉంటూ, సాయంకాలం అమీర్‌పేటలో కంప్యూటర్ శిక్షణకు వెళ్లే జగిత్యాల పిల్లవాడు. అతని తండ్రి బహ్రెయిన్‌లో తాపీమేస్త్రీ. నాలుగు నెలలుగా జీతం అందలేదు. "అమెరికాతో బహ్రెయిన్‌కు వాణిజ్య ఒప్పందం ఉన్నదట, అందులో కార్మికుల హక్కులు రాసి ఉన్నయట. మా బాపు దాని కింద ఫిర్యాదు చేయవచ్చునా సార్?" అని అడిగాడు. ఆనాడు తడుముకున్న సమాధానమే ఈ వ్యాసానికి మూలం.

ఒప్పందం ఉన్న మాట నిజమే. అది 2006 ఆగస్టు 1 నుంచి అమలులో ఉన్నది. అందులో కార్మికులకొక ప్రత్యేకాధ్యాయమూ కలదు. కాని దానిని నిదానించి చదివితే అందులోని కట్టుబాటు ఎంత పరిమితమైనదో తెలుస్తుంది. ప్రతి దేశమూ తన కార్మిక చట్టాలను తానే సక్రమంగా అమలు జరుపవలెను. అట్లు జరుపకపోవడం అడపాదడపా గాక పదేపదే జరిగి ఉండవలెను. పైగా దానివల్ల ఇరుదేశాల వాణిజ్యానికి ప్రభావం కలిగి ఉండవలెను. అప్పుడే అది వివాదానికి అర్హం. అట్టి వివాదాన్ని లేవనెత్తగలిగినది కూడ ప్రభుత్వమే గాని కార్మికుడు కాడు. మరొక చిక్కు ఏమనగా, బహ్రెయిన్‌లో ప్రైవేటు రంగానికి చట్టబద్ధమైన కనీస వేతనమే లేదు. లేని చట్టాన్ని అమలు జరుపలేదని ఎవరిని నిందించగలం?

2011లో బహ్రెయిన్‌లో జరిగిన సమ్మె తరువాత రెండు వేలకు పైగా కార్మికులు ఉద్యోగాలు కోల్పోయారు. అమెరికా కార్మిక సంఘాల సమాఖ్య ఆ సంవత్సరమే తమ ప్రభుత్వానికి ఫిర్యాదు చేసింది. 2012 డిసెంబరులో నివేదిక వెలువడింది. 2013 మేలో సంప్రదింపులు కోరారు. మధ్యవర్తుల మండలి మాత్రం ఏర్పడలేదు. ఆ ఫిర్యాదు ప్రధానంగా ఆ దేశపు కార్మికులకు, సంఘ నాయకులకు సంబంధించినది. జీతం రాని తెలుగు మేస్త్రీ అందులో ఎక్కడా కానరాడు.

మండలి వరకు వెళ్లిన వ్యవహారం గ్వాటెమాలాది. 2008లో ఫిర్యాదు, 2017 జూన్‌లో తీర్పు: తొమ్మిదేళ్లు! ఎనిమిది పనిస్థలాలలో 74 మంది కార్మికుల విషయమై న్యాయస్థానాల ఉత్తర్వులను గ్వాటెమాలా అమలు చేయలేదని మండలి అంగీకరించింది. అయినను అమెరికా ఓడిపోయింది. వాణిజ్యానికి ప్రభావం కలిగించేటట్లు అది పదేపదే జరిగినదని రుజువు కాలేదట! అన్యాయం రుజువైనా పరిహారం లేని ఇటువంటి న్యాయం విచిత్రమైనది.

ఈ లోపాన్ని గుర్తించినందుననే కాబోలు, 2020 జూలై 1న అమలులోకి వచ్చిన అమెరికా, మెక్సికో, కెనడాల ఒప్పందంలో వేరొక పద్ధతి పెట్టారు. ఒకే ఒక కర్మాగారంపై కూడ ఫిర్యాదు చేయవచ్చును. ఆ కర్మాగారపు సరుకుపై సుంకపు రాయితీని నిలుపవచ్చును. మెక్సికోలో సిలావోలోని జనరల్ మోటార్స్ కర్మాగారంపై 2021 మేలో చర్య మొదలైతే, 2022 ఫిబ్రవరిలో అక్కడి కార్మికులు రహస్య ఓటుతో స్వతంత్ర సంఘాన్ని ఎన్నుకున్నారు. ఏడాది కూడ పట్టలేదు. సరుకు ఆగుతుందన్న భయం చేయగలిగిన పని ఎన్ని ఆదర్శవాక్యాలూ చేయలేవు.

మరి మన దేశపు వైఖరి ఏమిటి? 1996 డిసెంబరులో సింగపూరులో ప్రపంచ వాణిజ్య సంస్థ సమావేశంలో, కార్మిక ప్రమాణాలను వాణిజ్యంతో ముడిపెట్టరాదని భారతదేశం గట్టిగా వాదించింది. ధనిక దేశాలు ఆ మిషతో మన సరుకును అడ్డుకుంటాయన్న ఆ భయం నిరాధారమైనది కాదు. 2022 మే 1న అమలులోకి వచ్చిన యు.ఎ.ఇ. ఒప్పందంలో కార్మికాధ్యాయం లేదు. 2025 జూలై 24న బ్రిటన్‌తో చేసుకున్న ఒప్పందంలో ఉన్నది గాని, దానిని వివాద పరిష్కార విధానానికి వెలుపల ఉంచారు. కాని సరుకును మాత్రమే గాక మనుషులను కూడ పంపే దేశం మనది. దుబాయిలో, మనామాలో చెమటోడ్చే వారి పక్షాన ఆలోచిస్తే ఆ పాత వాదం సగమే సరియైనదని నాకు తోస్తుంది.

వారికి నిజంగా ఆధారమైనది ఢిల్లీలో నిర్ణయించే రెఫరల్ వేతనం. అంతకు తక్కువ జీతానికి మన కార్మికులను తీసుకుపోరాదన్నది నియమం. 2020 సెప్టెంబరులో కేంద్రం గల్ఫ్ దేశాలకు దీనిని సుమారు 30 నుంచి 50 శాతం తగ్గించింది. బహ్రెయిన్‌కు 200 డాలర్లుగా నిర్ణయించింది. అధిక వేతనం అడిగితే ఉద్యోగాలు ఇతర దేశాలవారికి పోతాయని వాదన. దీనిపై తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. 2021 జూలైలో కేంద్రం ఆ తగ్గింపును ఉపసంహరించుకున్నది. ఏ వాణిజ్య ఒప్పందమూ చేయని పని మన హైదరాబాదులో వేసిన వ్యాజ్యం వెంట జరిగింది.

ఆ విద్యార్థికి నేను చెప్పినదిది: మీ నాన్నగారికి వాణిజ్య ఒప్పందపు తలుపు తెరుచుకోదు. ఆ దేశపు కార్మికశాఖ, న్యాయస్థానం, మనామాలోని మన రాయబార కార్యాలయం, ఇవే దారులు. ఎక్కడికి వెళ్లినా మొదట అడిగేది సంతకం చేసిన పని ఒప్పందం. దాని నకలు ఇంట్లో ఉన్నదా అని అడిగాను. లేదన్నాడు. ఏజెంటు దగ్గరనే ఉన్నదట.