కెమికల్స్ బదులు కరెంట్.. మందుల తయారీలో కొత్త రూట్! హైదరాబాద్ ఫార్మాకు కలిసొస్తుందా?

వంటింట్లో అల్యూమినియం గిన్నె. నీళ్ల ట్యాంకులో వేసే బ్లీచింగ్ పౌడర్. సబ్బుల తయారీలో వాడే కాస్టిక్ సోడా. ఈ మూడింటికీ ఒకటే లింక్.. కరెంట్! ఫ్యాక్టరీలో మెషిన్లు తిప్పే కరెంట్ సంగతి కాదు. అసలు ఆ పదార్థం పుట్టాలంటేనే కరెంట్ కావాలి. ఇప్పుడు ఇదే పద్ధతిని మందుల తయారీలోకి తీసుకురావాలని సైంటిస్టులు గట్టిగా ట్రై చేస్తున్నారు. దీని పేరు ఎలక్ట్రోసింథసిస్. బల్క్ డ్రగ్స్‌కు కేరాఫ్ అడ్రస్‌గా మారిన హైదరాబాద్‌కు ఇది నేరుగా తగిలే విషయం.

ఇంతకీ కరెంట్ ఏం చేస్తుంది?

కెమిస్ట్రీలో చాలా రియాక్షన్లు ఎలక్ట్రాన్లను ఇచ్చిపుచ్చుకోవడమే. లాగేసుకుంటే ఆక్సిడేషన్, ఇస్తే రిడక్షన్. ఇంటర్‌లో అందరూ చదివి మర్చిపోయిందే. మామూలుగా ఈ పని చేయించడానికి ఇంకో కెమికల్ పోస్తారు. ఎలక్ట్రాన్లు లాగాలంటే పర్మాంగనేట్, క్రోమియం కాంపౌండ్లు. ఇవ్వాలంటే జింక్, లిథియం లాంటి లోహాలు. పని అయిపోయాక ఆ కెమికల్ అవశేషం వేస్ట్‌గా మిగులుతుంది. వీటిలో కొన్ని రకాల క్రోమియం కాంపౌండ్లు క్యాన్సర్ కారకాలు కూడా.

ఎలక్ట్రోసింథసిస్‌లో ఈ మధ్యవర్తినే తీసేస్తారు. ద్రావణంలో రెండు ఎలక్ట్రోడ్లు ముంచి కరెంట్ ఇస్తారు. ఆనోడ్ ఎలక్ట్రాన్లు లాక్కుంటుంది, కాథోడ్ ఇస్తుంది. ఎంత బలంగా లాగాలనేది వోల్టేజ్‌తో, ఎంత స్పీడ్‌గా లాగాలనేది ఆంపియర్లతో కంట్రోల్ చేస్తారు. తేడా కొడితే స్విచ్ ఆఫ్ చేస్తే చాలు, రియాక్షన్ దాదాపు అక్కడికక్కడే ఆగిపోతుంది. రియాక్టర్‌లో ఒకసారి పోసేసిన కెమికల్‌ను మాత్రం వెనక్కి తీసుకోలేం కదా!

ఇదేమీ నిన్న మొన్నటి టెక్నాలజీ కాదు. 1886లో అమెరికాలో చార్లెస్ హాల్, ఫ్రాన్స్‌లో పాల్ ఎరూ ఒకరి గురించి ఒకరికి తెలియకుండానే అల్యూమినియం తీసే ఒకే పద్ధతిని కనిపెట్టారు. ఇద్దరూ 1863లో పుట్టినవాళ్లే, అంటే అప్పటికి పాతికేళ్లు కూడా నిండని కుర్రాళ్లు. కరిగిన క్రయోలైట్‌లో అల్యూమినాను కలిపి కరెంట్ పంపడమే ఆ ట్రిక్. అంతకుముందు అల్యూమినియం ఎంత ఖరీదంటే.. 1884లో వాషింగ్టన్ మాన్యుమెంట్ శిఖరం మీద దాన్ని గొప్పగా పెట్టుకున్నారు. విచిత్రం ఏంటంటే, వీళ్లిద్దరూ చనిపోయింది కూడా ఒకే ఏడాది.. 1914లో.

ఉప్పునీటికి కరెంట్ ఇస్తే క్లోరిన్, కాస్టిక్ సోడా, హైడ్రోజన్ వస్తాయి. ఇది మన దగ్గరా జరుగుతున్నదే. కర్నూలులో, తూర్పు గోదావరి జిల్లా బలభద్రపురంలో ఇలాంటి ప్లాంట్లు ఉన్నాయి. ఇక 1960లలో మోన్‌శాంటో కంపెనీలో మాన్యుయెల్ బైజర్ అనే కెమిస్ట్ ఇంకో అడుగు ముందుకేశారు. ఆక్రిలోనైట్రైల్ అనే చిన్న మాలిక్యూల్స్ రెండింటిని కాథోడ్ దగ్గర కరెంట్‌తో అతికించి, నైలాన్‌కు కావాల్సిన ముడిపదార్థం తయారు చేశారు.

మరి మందుల సంగతేంటి?

ఇక్కడే అసలు కథ. బిర్చ్ రిడక్షన్ అని ఒక పాత రియాక్షన్ ఉంది. 1944లో ఆర్థర్ బిర్చ్ వెలుగులోకి తెచ్చారు. స్టెరాయిడ్ హార్మోన్ మందుల తయారీలో దీనికి మంచి పేరుంది. సమస్యల్లా అది అడిగే కండిషన్లతోనే. అమ్మోనియా గ్యాస్‌ను మైనస్ 33 డిగ్రీల కంటే చల్లబరిచి ద్రవంగా మార్చాలి. అందులో లిథియం లాంటి, నీటి చుక్క తగిలితేనే భగ్గుమనే స్వభావం ఉన్న లోహాలు వేయాలి. లీకైతే ఏమవుతుందో అమ్మోనియా కోల్డ్ స్టోరేజీల దగ్గర ఉండేవాళ్లను అడిగితే చెబుతారు.

2019లో అమెరికాలోని స్క్రిప్స్ రీసెర్చ్‌లో ఫిల్ బారన్ టీమ్, ఫైజర్ సైంటిస్టులతో కలిసి దీనికి కరెంట్ రూట్ కనిపెట్టింది. ఆ పేపర్ సైన్స్ జర్నల్‌లో వచ్చింది. ఐడియా ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? ఫోన్లలో ఉండే లిథియం అయాన్ బ్యాటరీల నుంచి! ఆ బ్యాటరీ పరిశోధనలో తెలిసిన రసాయనాలనే ఇక్కడ కలిపారు. అమ్మోనియా లేదు, మైనస్ డిగ్రీలు లేవు. రూమ్ టెంపరేచర్‌లోనే పనైపోయింది. 100 గ్రాముల స్కేల్‌లోనూ చేసి చూపించారు.

కరెంట్ బిల్లు వాచిపోతుందా అనే డౌట్ ఎవరికైనా వస్తుంది. ఒక చిన్న లెక్క చూద్దాం. మాలిక్యులర్ వెయిట్ 300 ఉన్న మందు కిలో తయారు చేయాలి, ఒక్కో మాలిక్యూల్‌కు రెండు ఎలక్ట్రాన్లు కావాలి అనుకుంటే.. 5 వోల్టుల దగ్గర అయ్యే కరెంట్ యూనిట్ లోపే. సగం వృథా పోయినా రెండు యూనిట్లు దాటదు. పంపులు, చిల్లర్ల ఖర్చు వేరే. అదే కిలో అల్యూమినియానికి 13 నుంచి 15 యూనిట్లు, కిలో హైడ్రోజన్‌కు 50కి పైగా యూనిట్లు కావాలి. అంటే మందుల విషయంలో కరెంట్ రేటు పెద్ద సమస్యే కాదు. కాకినాడలో ఏడాదికి 10 లక్షల టన్నుల గ్రీన్ అమ్మోనియా లక్ష్యంగా వస్తున్న ప్రాజెక్ట్ లాంటివాటికి మాత్రం కరెంట్ రేటే ప్రాణం. అదీ సోలార్, విండ్ నుంచి రావాలి. దేశంలో ఇప్పటికీ ఎక్కువ భాగం కరెంట్ బొగ్గు నుంచే వస్తోంది కాబట్టి, గ్రిడ్ నుంచి తీసుకుని గ్రీన్ అని బోర్డు పెట్టుకుంటే అది పేరుకే.

ఇంత బాగుంటే ఫార్మా కంపెనీలు ఎందుకు మారట్లేదు?

ఎందుకంటే ఈ రియాక్షన్ ఎలక్ట్రోడ్ ఉపరితలం మీదే జరుగుతుంది. డ్రమ్ము సైజ్ పెంచినంత మాత్రాన ప్రొడక్షన్ పెరగదు. ప్లేట్లను దగ్గర దగ్గరగా పేర్చి, మధ్యలోంచి ద్రావణం పారించే ఫ్లో సెల్స్ కావాలి. జీడిమెట్ల, పాశమైలారం ప్లాంట్లలో ఉన్నవేమో గ్లాస్ లైన్డ్ రియాక్టర్లు. వాటి మీద కోట్లు పెట్టేశారు. పైగా కరెంట్ పారడానికి ద్రావణంలో ఉప్పులు కలపాలి, తర్వాత వాటిని విడదీయాలి. కొన్ని పద్ధతుల్లో ఆనోడే కరిగిపోతూ ఉంటుంది, మార్చాల్సి వస్తుంది. కాబట్టి వేస్ట్ జీరో అని ఎవరైనా చెబితే నమ్మక్కర్లేదు. తగ్గుతుంది, అంతే. అయినా పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యంపై కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లిన చోట, ఆ తగ్గడం కూడా చిన్న విషయమేమీ కాదు.

ఇంకో చిక్కు పర్మిషన్లది. ఇప్పటికే అమెరికాకు ఎగుమతి అవుతున్న మందు తయారీ పద్ధతి మార్చాలంటే యూఎస్‌ఎఫ్‌డీఏకు మళ్లీ డేటా ఇచ్చుకోవాలి. కొత్త పద్ధతిలో ఏ మలినాలు వస్తున్నాయో నిరూపించాలి. రూపాయికి అమ్ముడుపోయే పారాసిటమాల్ లాంటి పాత మందుల కోసం ఏ మేనేజ్‌మెంట్ అంత రిస్క్ తీసుకుంటుంది? అందుకే కరెంట్ రూట్‌కు ముందుగా చోటు దొరికేది ఇంకా ల్యాబ్ దశలోనే ఉన్న కొత్త మాలిక్యూల్స్ దగ్గరే. అక్కడ మార్చడానికి పాత ఫైల్ అంటూ ఉండదు. బెంచ్ మీద పట్టే చిన్న రెడీమేడ్ ఎలక్ట్రోసింథసిస్ మెషిన్లు 2017 నుంచి మార్కెట్లో దొరుకుతున్నాయి. ఎంఎస్సీ కెమిస్ట్రీ చేసి జీనోమ్ వ్యాలీలో ఉద్యోగం వెతుక్కుంటున్న కుర్రాళ్లు పొటెన్షియోస్టాట్ నడపడం నేర్చుకుని ఉంటే, ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఒక పాయింట్ ఉన్నట్టే.