బూడిద దిబ్బ చెప్పిన పశువుల కథ

షోలాపూర్‌లో మరమగ్గాల చప్పుడు మధ్య పెరుగుతున్న మన తెలుగు బడుల పిల్లల్లో చాలామంది తాతముత్తాతలది పాలమూరు, నల్లగొండ, కరీంనగర్ వైపు. ఆ పాలమూరులోని ఒక దిబ్బ గురించి ఈ వారం చెప్పుకుందాం.

కృష్ణా, తుంగభద్ర నదుల పరిసరాల్లో అక్కడక్కడా పెద్ద బూడిద దిబ్బలున్నాయి. కొన్నిచోట్ల బూడిద కరిగి చిట్టెంలా గట్టిపడింది. హంపి దగ్గర నింబాపురంలోని దిబ్బను వాలిని దహనం చేసిన చోటుగా చూపిస్తారు. కొందరు ఇనుము కరిగించిన కొలిమి అన్నారు, మరికొందరు అగ్నిపర్వతం అన్నారు. చరిత్రకారుడు రాబర్ట్ సూయెల్ ఇవి విజయనగర కాలపు దహనాల గుర్తులు కావచ్చని 1899లో రాశారు. అంటే మధ్యయుగం నాటివన్నమాట.

రాబర్ట్ బ్రూస్ ఫూట్ ఒప్పుకోలేదు. దిబ్బల దగ్గర రాతి గొడ్డళ్లు దొరికాయి. ఇది కాలిన పేడ, కొత్త రాతియుగపు పశుపాలకులది అన్నారాయన.

తేల్చాలంటే తవ్వాలి. 1957లో ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు దిబ్బను తవ్వారు (ఆదిలాబాద్ ఉట్నూరు వేరు). పొరల మధ్య తాటి దుంగలు పాతిన గుంటలు వరుసగా కనిపించాయి. పశువుల గిట్టల అచ్చులూ బయటపడ్డాయి. అది పశువుల దొడ్డి! పేరుకున్న పేడ మళ్లీ మళ్లీ కాలి దిబ్బ అయింది. వయసు నాలుగు వేల ఏళ్ల పైమాటే.

మరి ఎందుకు కాల్చారు? రోగాలు రాకుండానా, పండుగకా? మన భోగి, హోలీ మంటల వంటి ఆచారం కావచ్చని ఆల్చిన్ ఊహించారు. ఇది మాత్రం ఇంకా చర్చలోనే ఉంది. తర్వాత పుణె దక్కన్ కళాశాలకు చెందిన కాట్రగడ్డ పద్దయ్య కర్ణాటకలోని బూదిహాళ్‌లో తవ్వి, దొడ్డి పక్కనే మనుషుల నివాసం కూడా ఉండేదని చూపారు.

బూడిదను ఎరువుగా తోలుకుపోవడం వల్ల ఇలాంటి దిబ్బలు తరిగిపోతున్నాయి. పొర పోతే సాక్ష్యం పోయినట్టే.

మీరూ చేయండి: సెలవుల్లో ఊరికి వెళితే అక్కడి దిబ్బ పేరేమిటో, దాని కథేమిటో పెద్దలను అడగండి. బొమ్మ గీయండి, కొలత రాయండి. తవ్వొద్దు, పెంకులు తీసుకురావొద్దు. విన్న కథ ఒకవైపు, కళ్లతో చూసింది మరోవైపు రాసి మీ పంతులుగారికి చూపించండి.