ఎండ నుంచి ఏకాంతర విద్యుత్తు

అరణ్యవాసంలో ఉన్న ధర్మరాజుకు సూర్యుడు అక్షయపాత్రను అనుగ్రహించాడు. ద్రౌపది భుజించిన తరువాత ఆ పాత్ర ఆనాటికి మరి ఫలించదు. సూర్యుని దానానికి ఒక వేళ, ఒక నియమం ఉన్నాయన్నమాట. నేటి సౌరవిద్యుత్తు తీరు కూడ అంతే. ఉదయం స్వల్పం, మధ్యాహ్నం అధికం, మబ్బు కమ్మితే క్షీణం, పొద్దు గుంకితే శూన్యం. పైగా అది ఒకే దిశలో ప్రవహించే ఏకముఖ విద్యుత్తు. పొలాలలోని మోటార్లలో అధికభాగం కోరేది దిశ మార్చుకొంటూ సాగే ఏకాంతర విద్యుత్తును. మన దేశంలో అది సెకనుకు 50 ఆవర్తాలు చేస్తుంది. ఈ రెండింటికి నడుమ వారధి ఇన్వర్టర్ అనే పరికరం.

ఒక సిలికాన్ ఘటం నుంచి లభించేది సుమారు అర వోల్టు మాత్రమే. అందువల్ల ఘటాలను కలిపి ఫలకంగాను, ఫలకాలను కలిపి శ్రేణిగాను కూర్చుతారు. ఆ విద్యుత్తును ఇన్వర్టర్‌లోని అర్ధవాహక స్విచ్చులు సెకనుకు కొన్ని వేలసార్లు తెరచి మూసి, చిన్నచిన్న తునకలుగా కోస్తాయి. తునకల వెడల్పును క్రమంగా పెంచి, క్రమంగా తగ్గించి, ఆపై ప్రవాహదిశను తిప్పుతాయి. మోటారు తీగచుట్టలు ప్రవాహంలో ఆకస్మికమైన మార్పును సహించవు. కనుక తునకలన్నీ కలిసి నున్నని తరంగంగా రూపొందుతాయి. తునకల వెడల్పు మార్చితే వోల్టేజి మారుతుంది. దిశ తిప్పే వేగం మార్చితే పౌనఃపున్యం మారుతుంది.

ఈ పరికరాన్ని ఘనరూపంలో చూడదలచినవారు పూర్వపు కరీంనగర్ జిల్లాలోని రామగుండానికి వెళ్లాలి. అది నేడు పెద్దపల్లి జిల్లాలో ఉన్నది. అక్కడి ఎన్.టి.పి.సి. జలాశయంపై 100 మెగావాట్ల తేలియాడే సౌరవిద్యుత్కేంద్రం 2022 జూలై 1 నుంచి పూర్తిస్థాయిలో పనిచేస్తున్నది. మొత్తం 40 విభాగాలు; ఒక్కొక్క విభాగంలో 11,200 ఫలకాలు. ఇన్వర్టర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు సైతం నీటిమీదనే తేలుతుంటాయి. ఫలకం వేడెక్కేకొద్దీ, డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున ఉత్పత్తి తగ్గుతుంది. రామగుండం ఎండలను ఎరిగినవారికి నీటి చలువ విలువను వేరుగా చెప్పనక్కరలేదు. అయితే అక్కడి ఇన్వర్టర్‌కు స్వేచ్ఛ లేదు. దేశమంతటా అల్లుకొన్న విద్యుద్వలయంతో కలిసి, 50 ఆవర్తాల చెంతనే అది నడవాలి.

ఆదిలాబాద్ అడవి అంచు చేలలో పరిస్థితి వేరు. అంతదూరం తీగ లాగడం తేలిక కాదు. వానకాలంలో పత్తి, కంది పండించిన గూడెం రైతు యాసంగిలో జొన్నగాని శనగగాని వేయాలంటే బావిలోనో వాగులోనో ఉన్న నీరు పైకి రావాలి. 2025 మేలో నాగర్‌కర్నూల్ జిల్లా మాచారంలో ప్రారంభమైన ఇందిర సౌర గిరి జలవికాసం పథకం గిరిజన రైతుల ఇటువంటి భూములకు సౌరపంపులను ఉద్దేశించింది. ఫలకాలను చక్రాల బండిపై అమర్చితే అవి ఒకనాడు బావికి, మరొకనాడు వాగుకు కదలగలవు. ఇక్కడ ఇన్వర్టర్‌కు విద్యుద్వలయంతో పొత్తు లేదు. ఎండనుబట్టి తన పౌనఃపున్యాన్ని తానే నిర్ణయించుకోవచ్చు.

మబ్బు పట్టి ఎండ సగమైందనుకొందాం. 50 ఆవర్తాలకే కట్టుబడిన ఇన్వర్టర్ మోటారు కోరినంత ఇవ్వలేదు. వోల్టేజి పడిపోయి మోటారు ఆగిపోతుంది. మబ్బు తొలగి మళ్లీ బయలుదేరేటప్పుడు అదే మోటారు మామూలుకంటె అయిదారు రెట్ల ప్రవాహాన్ని కోరుతుంది. పౌనఃపున్యాన్ని మార్చగల నియంత్రకమైతే 50ని 40కి దించుతుంది. నిమిషానికి 3,000 చుట్లు తిరిగే అయస్కాంతక్షేత్రం 2,400 చుట్లకు తగ్గుతుంది. పంపు కోరే సామర్థ్యం వేగపు ఘనాన్ని అనుసరిస్తుంది. కాబట్టి అయిదింట నాలుగు వంతుల వేగానికి సుమారు సగం సామర్థ్యం చాలు. ధార సన్నగిల్లుతుంది కాని తెగదు. బావి మరీ లోతైతే మాత్రం ఈ వెసులుబాటు తగ్గుతుంది. వేగం ఒక హద్దుకు దిగువన ఉంటే నీరు పైదాకా ఎక్కదు.

పౌనఃపున్యంతోపాటు వోల్టేజిని కూడ అదే నిష్పత్తిలో తగ్గించాలి. 400 వోల్టులు 320 కావాలి. లేనిచో మోటారులోని ఇనుము సంతృప్తమై, తీగచుట్టలు వేడెక్కి కాలిపోతాయి. కాలిన మోటారును పట్టణానికి మోసుకుపోయి, చుట్టించి తెచ్చేలోగా పైరు ఎండుతుంది. నియంత్రకం ధర కొంత ఎక్కువైనా ఈ రెండింటినీ కలిపి మార్చేదానినే ఎన్నుకోవడం ఇందుకే.

పంపుకు బ్యాటరీ అక్కరలేదు. తొట్టిలో నిలిచిన నీరే నిలువచేసిన శక్తి. రాత్రి దీపాలకైతే బ్యాటరీ తప్పదు. మరొక సంగతి. మోటారును ఆపినా, ఎండ ఉన్నంతసేపు ఫలకాల తీగలలో ప్రాణాపాయకరమైన వోల్టేజి ఉంటుంది. బండిని కదిలించడానికి తీగలు విప్పే ముందు ఏకముఖ విద్యుత్తు స్విచ్చిని ఆపి, ఫలకాలను వెలుగు చొరని మందపు గుడ్డతో కప్పాలి.